హైదరాబాద్‌లో రోడ్డు ప్రమాదాలు ఎందుకు పెరుగుతాయి, ఎందుకు తగ్గుతాయి: తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లో రోడ్డు ప్రమాదం వార్త లేకుండా పత్రిక రావడం అరుదు. చనిపోయిన మనిషి వయసు, ఊరు, చేసే పని రాస్తారు. చివర్లో ‘అతివేగమే కారణం’ అన్న ఒక్క వాక్యంతో వార్త ముగుస్తుంది. ఆ వాక్యం తర్వాత అడగాల్సిన ప్రశ్నలే ఇక్కడ ఉన్నాయి. ఈ మరణాల్లో చాలావరకు ఆపగలిగినవే అన్న నమ్మకంతో వీటికి సమాధానాలు రాశాం.

ప్రమాదాల సంఖ్య, ప్రమాదాల రేటు ఒకటేనా?

కాదు. ఏడాదిలో ఎన్ని జరిగాయన్నది సంఖ్య. దాన్ని జనాభాతోనో, వాహనాలతోనో భాగిస్తే వచ్చేది రేటు. దేనితో భాగించారో చూడకుండా ఏ రేటునూ నమ్మవద్దు. ఏటా లక్షల కొత్త బండ్లు రోడ్డెక్కే నగరంలో చనిపోయేవారి సంఖ్య అంతే ఉన్నా, పది వేల వాహనాలకు ఇంతమంది అని లెక్కగడితే రేటు తగ్గినట్టు కనిపిస్తుంది. మనుషుల ప్రాణాల గురించి మాట్లాడేటప్పుడు లక్ష జనాభాకు ఎంతమంది చనిపోయారన్నదే సరైన కొలత.

ప్రమాదాల సంఖ్య కన్నా మరణాల సంఖ్యను చూడటం మేలు. చిన్న ప్రమాదాల్లో చాలావాటిని అక్కడికక్కడే మాట్లాడుకుని సర్దుకుంటారు, అవి స్టేషన్ దాకా రావు. మరణం మాత్రం నమోదు కాకుండా పోవడం తక్కువ. ప్రమాదం జరిగిన 30 రోజుల్లోపు గాయాలతో చనిపోయినా దాన్ని రోడ్డు ప్రమాద మరణంగానే లెక్కిస్తారు.

హైదరాబాద్‌కు సంబంధించి ఒక్కొక్కరు ఒక్కో అంకె చెబుతారు. ఎందుకు?

‘హైదరాబాద్’ అన్న మాటకు ఒక్కొక్కరి లెక్కలో ఒక్కో హద్దు ఉండటం వల్ల. 2007లో చుట్టుపక్కల 12 మున్సిపాలిటీలను కలిపి జీహెచ్‌ఎంసీ ఏర్పడింది. పోలీసు హద్దులు మాత్రం వేరు. 2016లో రాచకొండ కమిషనరేట్ వచ్చాక హైదరాబాద్, సైబరాబాద్, రాచకొండ అంకెలు ఏళ్ల తరబడి విడివిడిగా వెలువడ్డాయి. హైదరాబాద్ కమిషనరేట్ అంకె ఒక్కటే చూస్తే నగరం కొంత సురక్షితంగానే అనిపిస్తుంది. వేగంగా వెళ్లే శివారు రోడ్లు మిగతా రెండింటి పరిధిలో ఉండేవి మరి. పైగా 2011 తర్వాత జనగణన జరగనందున భాగించే జనాభా కూడా అంచనాయే. రెండు ఏళ్లను పోల్చేటప్పుడు హద్దులు మారాయేమో ముందు చూసుకోవాలి.

ప్రమాదాలకు కారణం డ్రైవరు నిర్లక్ష్యమే కదా?

కాగితం మీద దాదాపు ఎప్పుడూ అంతే. 2022లో దేశవ్యాప్తంగా 4,61,312 ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. ఆ మరణాల్లో 71.2 శాతానికి అతివేగమే కారణమని కేంద్ర రోడ్డు రవాణా శాఖ నివేదిక చెప్పింది. ఆ అంకె ఎలా తయారవుతుందో కూడా చూడాలి. అది పోలీసు రికార్డుల నుంచి వస్తుంది. ఎఫ్‌ఐఆర్ పని నేరాన్ని నమోదు చేసి, ఎవరి మీద కేసో రాయడం. ‘అతివేగంగా, అజాగ్రత్తగా నడిపి’ అని రాస్తే కేసు నిలబడుతుంది. వెలగని వీధి దీపాన్నీ, వాలు తప్పిన మలుపునూ, చెరిగిపోయిన జీబ్రా గీతలనూ నిందితులుగా చేర్చడానికి అందులో చోటు లేదు. అందువల్ల అవి లెక్కలోకీ రావు.

2021 సెప్టెంబరులో దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి సమీపంలో నటుడు సాయిధరమ్ తేజ్ బైకు జారి పడింది. నిర్లక్ష్యంగా నడిపారని పోలీసులు కేసు పెట్టారు. రోడ్డు మీద పేరుకుపోయిన ఇసుక గురించీ అప్పుడే చర్చ జరిగింది. ఆయన తలకు హెల్మెట్ ఉండటం పెద్ద రక్షణ అయింది. బండి వేగం, రోడ్డు స్థితి, రక్షణ కవచం అనే మూడు అంశాలూ ఈ ఒక్క ఘటనలోనే ఉన్నాయి. ఏ ఒక్కటి మారినా ఫలితం మారేది. ఏ ప్రమాదాన్నైనా ఇలాగే విప్పి చూడాలి. డ్రైవరు తప్పును ఎవరూ మాఫీ చేయనక్కర్లేదు, కానీ మనిషి తప్పు చేస్తాడన్న సంగతి తెలిసి కూడా ఆ తప్పుకు ప్రాణమే మూల్యమయ్యేలా రోడ్డు వేసినవారికీ అందులో బాధ్యత ఉంది.

ఐఐటీ మద్రాసు, కేంద్ర ప్రభుత్వ ఐటీ సంస్థ ఎన్‌ఐసీ కలిసి రూపొందించిన ఐరాడ్ అనే ప్రమాదాల నమోదు విధానం 2021 నుంచి అమల్లోకి వచ్చింది. ప్రమాద స్థలంలోనే రోడ్డు వివరాలు, ఫొటోలు నమోదు చేసే వీలు ఇందులో ఉంది. దాన్ని శ్రద్ధగా నింపితే ‘కారణం’ అన్న గడి కొంతైనా నిజం చెబుతుంది.

వేగానికి ఎందుకంత ప్రాధాన్యం? పది, ఇరవై కిలోమీటర్లు ఎక్కువైతే ఏమవుతుంది?

ఈ పేజీలో ఒక్క సమాధానమే చదివే తీరిక ఉంటే ఇది చదవండి.

ఎదుట మనిషి కనబడినప్పటి నుంచి కాలు బ్రేకు మీద పడేదాకా మామూలుగా సెకనున్నర పడుతుంది. ఆ సెకనున్నరలో గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారు సుమారు 17 మీటర్లు ముందుకు పోతుంది. పొడి రోడ్డు మీద బ్రేకు పట్టాక ఇంకో 9 మీటర్లలో, అంటే మొత్తం 26 మీటర్లలో ఆగుతుంది. అదే కారు 60లో ఉంటే బ్రేకు పడేలోపే 25 మీటర్లు దాటిపోతుంది. 40లో వచ్చిన కారు పూర్తిగా ఆగిపోయిన చోట, 60లో వచ్చిన కారు అప్పుడే బ్రేకు మొదలుపెడుతుంది. ఆ చోట మనిషి ఉంటే మొదటి కారు ఆయన ముందు ఆగుతుంది. రెండోది దాదాపు పూర్తి వేగంతో గుద్దుతుంది. 80లో ఆగడానికి పట్టే దూరం దాదాపు 70 మీటర్లు.

వేగం రెట్టింపైతే దెబ్బ శక్తి నాలుగు రెట్లవుతుంది. రోడ్డుపై సగటు వేగం 1 శాతం పెరిగితే ప్రాణాంతక ప్రమాదాల ముప్పు సుమారు 4 శాతం పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కాలనీ రోడ్లలో గంటకు 30 కిలోమీటర్ల పరిమితి పెట్టడం వెనక ఈ లెక్కే ఉంది. ఆ పరిమితిని పాటించడం వల్ల అర కిలోమీటరు పొడవున్న కాలనీ వీధిలో ఆలస్యమయ్యేది అర నిమిషం లోపే.

అమీర్‌పేట, కోఠి లాంటి రద్దీ ప్రాంతాల్లోనే ప్రమాదాలు ఎక్కువ అనుకోవచ్చా?

గీతలు పడటం, అద్దాలు విరగడం, కాళ్లకు దెబ్బలు తగలడం రద్దీలోనే ఎక్కువ. కానీ బండి కదలని చోట ప్రాణం పోయే దెబ్బ తగలడం అరుదు. ఇదే రోడ్డు రాత్రి ఖాళీ అయ్యాకా, ఇదే నగరం పటాన్‌చెరు, హయత్‌నగర్, శంషాబాద్, మేడ్చల్ వైపు హైవేగా మారే చోటా మరణాలు పెరుగుతాయి. జామ్ తొలగిస్తే ప్రమాదాలు వాటంతటవే తగ్గుతాయన్న మాట తరచూ వింటుంటాం. అది సరికాదు. జామ్ పోయి వేగం వచ్చిన చోట ఆ వేగాన్ని అదుపు చేసే ఏర్పాటు కూడా రావాలి.

ఎక్కువగా చనిపోయేది ఎవరు?

చుట్టూ ఇనుప గోడ లేనివారు. 2022 జాతీయ నివేదికలో మృతుల్లో 44.5 శాతం ద్విచక్ర వాహనాల మీద వెళ్లేవారు, 19.5 శాతం పాదచారులు. ఇద్దరినీ కలిపితే ప్రతి ముగ్గురిలో దాదాపు ఇద్దరు. తెలంగాణలో నమోదైన వాహనాల్లో 70 శాతానికి పైగా ద్విచక్ర వాహనాలే కనుక ఇక్కడ ఈ విషయం మరింత ముఖ్యం. కుటుంబాన్ని పోషించే వయసులో ఉన్నవారే ఎక్కువగా పోతారు. ఆ ఇంట్లో తర్వాత జరిగేది ఏ లెక్కలోనూ కనిపించదు.

పాదచారులు ఎక్కడ పడితే అక్కడ రోడ్డు దాటుతారు. తప్పు వారిదే కదా?

ఈ ప్రశ్న అడిగేవారు ఒకసారి కూకట్‌పల్లి నుంచి మియాపూర్ దాకా జాతీయ రహదారి పక్కన నడిచి చూడాలి. ఫుట్‌పాత్ కొంతదూరం ఉంటుంది, తర్వాత ట్రాన్స్‌ఫార్మరు వస్తుంది, తర్వాత నిలిపి ఉంచిన బైకులు, ఆ తర్వాత దుకాణం మెట్లు. నడిచేవాడు రోడ్డు మీదకు దిగక తప్పదు. ఫుట్‌పాత్‌పై అడ్డంకులు లేని నడక దారి కనీసం 1.8 మీటర్ల వెడల్పు ఉండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం. నగరంలో ఆ కొలతకు సరితూగే ఫుట్‌పాత్ చూపించడం కష్టం.

దాటడం సంగతీ అంతే. మనిషి సహజంగా దగ్గరి దారిలోనే దాటుతాడు. బస్సు దిగిన చోటికీ దాటే చోటికీ అర కిలోమీటరు దూరం పెట్టి, మధ్యలో ఎత్తయిన డివైడర్ కట్టి, దాన్ని ఎక్కి దూకినవాడిని తప్పుబట్టడం న్యాయం కాదు. ఫ్రీ లెఫ్ట్ (సిగ్నల్ కోసం ఆగకుండా ఎడమకు తిరిగే వీలు) ఉన్న చౌరస్తాల్లో పాదచారికి పచ్చ దీపం పడినా ఎడమ వైపు తిరిగే బండ్లు ఆగవు. ముసలివాళ్లకు, సంచులు మోసే ఆడవాళ్లకు రోడ్డు దాటే క్షణం ఒక్కటీ మిగలదు.

ఉప్పల్ చౌరస్తాలో 2023లో స్కైవాక్ ప్రారంభమైంది. మెట్రో స్టేషన్‌కు కలిపి, లిఫ్టులు, ఎస్కలేటర్లు పెట్టి కట్టారు కాబట్టి అది ఉపయోగపడుతోంది. అలా కాకుండా నిటారు మెట్లతో కట్టిన వంతెనలు చాలావరకు ప్రకటన బోర్డులు మోయడానికే మిగిలాయి. మోకాళ్ల నొప్పులున్న మనిషి వాటిని ఎక్కడు. నేల మీదే, సిగ్నల్‌తో, బండ్ల వేగం తగ్గించే ఎత్తయిన జీబ్రా క్రాసింగ్ ఇవ్వడం చవక, ఫలితమూ ఎక్కువ.

రాంగ్ సైడ్ డ్రైవింగ్ ఎందుకు తగ్గడం లేదు?

రాంగ్ సైడ్‌లో నడపడం తప్పే. ఎదురెదురుగా గుద్దుకున్నప్పుడు రెండు బండ్ల వేగాలూ కలుస్తాయి, అందుకే ఇది ప్రాణాంతకం. అయినా ఎక్కడ జరుగుతోందో చూస్తే తీరు అర్థమవుతుంది. యూ టర్న్ కిలోమీటరు అవతల ఉన్న చోట, కాలనీ గేటు డివైడర్‌కు ఎదురుగా ఉన్న చోట, పెట్రోలు బంకు అవతలి వైపు ఉన్న చోట ఎక్కువ. సిగ్నళ్లు తీసేసి యూ టర్న్‌లు పెడితే వాహనాల ప్రవాహం సాఫీగా సాగుతుంది. కానీ రోజూ తిరిగే స్థానికుల దారి దూరమవుతుంది. చలానాతో పాటు ఆ దూరాన్నీ సరిచేయాలి.

ఫ్లైఓవర్లు కడితే ప్రమాదాలు తగ్గుతాయా?

కింది చౌరస్తాలో అడ్డంగా గుద్దుకునే ప్రమాదాలు తగ్గవచ్చు. పైన మాత్రం కొత్త ముప్పు వస్తుంది. గచ్చిబౌలి బయోడైవర్సిటీ ఫ్లైఓవర్‌ను 2019 నవంబరు 4న ప్రారంభించారు. మూడు వారాలు గడవకముందే, నవంబరు 23న, మలుపులో అదుపు తప్పిన కారు పైనుంచి కింద పడింది. రోడ్డు పక్కన నిలబడి ఉన్న మహిళ చనిపోయింది. ఫ్లైఓవర్ మూసేసి, నిపుణులు పరిశీలించాక, రంబుల్ స్ట్రిప్‌లు (బండిని కుదిపి హెచ్చరించే గట్లు), హెచ్చరిక బోర్డులు, గంటకు 40 కిలోమీటర్ల పరిమితి పెట్టి 2020 జనవరిలో తెరిచారు. ప్రారంభానికి ముందే పెట్టగలిగినవే అవన్నీ. కొత్త రోడ్డు తెరిచే ముందు స్వతంత్ర భద్రతా తనిఖీ జరగాలని అడగడం ప్రజల హక్కు.

ఔటర్ రింగ్ రోడ్డు అంత బాగుంటుంది కదా, అక్కడ ప్రమాదాలేమిటి?

158 కిలోమీటర్ల పొడవు, ఎనిమిది వరుసలు. ద్విచక్ర వాహనాలకు, పాదచారులకు ప్రవేశం లేదు. 2023లో గరిష్ఠ వేగ పరిమితిని 100 నుంచి 120కి పెంచారు. ఎదురుగా వచ్చే బండి ఉండదు కాబట్టి ఢీకొనే అవకాశాలు తక్కువే, కానీ ఢీకొంటే బతికే అవకాశమూ తక్కువే. ఇక్కడి ప్రమాదాల్లో పదేపదే కనిపించేది ముందు వెళ్తున్న లేదా పక్కన ఆగి ఉన్న లారీని వెనక నుంచి గుద్దడం. 120లో వెళ్లే కారు సెకనుకు 33 మీటర్లు కదులుతుంది. రెండు సెకన్లు కునుకు పట్టినా, ఫోను చూసినా, 66 మీటర్లు కళ్లు మూసుకుని నడిపినట్టే. 2024 ఫిబ్రవరి 23 తెల్లవారుజామున సికింద్రాబాద్ కంటోన్మెంట్ ఎమ్మెల్యే లాస్య నందిత పటాన్‌చెరు సమీపంలో ఇదే రోడ్డుపై కారు ప్రమాదంలో మరణించారు. తెల్లవారుజామున నిద్ర ముంచుకొస్తుంది. విమానం వేళకు అందుకోవాలని ఆ సమయంలో బయలుదేరేవారు డ్రైవరు రాత్రి నిద్రపోయాడో లేదో అడిగి తెలుసుకోవాలి.

శివార్లలో టిప్పర్లు, లారీల వల్ల ముప్పు ఎంత?

నగరం పెరుగుతోందంటే ఇసుక, కంకర, సిమెంటు మిశ్రమం, నీళ్ల ట్యాంకర్లు రోజంతా తిరుగుతున్నాయని అర్థం. ట్రిప్పుల లెక్కన డబ్బు వచ్చే డ్రైవరు తొందరపడతాడు. లారీకి ఎడమ పక్క, ముందు భాగానికి మరీ దగ్గరగా ఉన్న బైకు, లారీ డ్రైవరుకు కనబడదు. మలుపులో లారీ ఎడమ పక్కన బైకు దూర్చడం అందుకే ప్రాణాల మీదికి తెస్తుంది.

2025 నవంబరు 3న చేవెళ్ల మండలం మీర్జాగూడ దగ్గర కంకర టిప్పరు ఆర్టీసీ బస్సును ఢీకొని 19 మంది చనిపోయారు. మధ్యలో డివైడర్ లేని, రెండే వరుసల బీజాపూర్ రోడ్డు అది. మర్రిచెట్ల వివాదంతో దాని విస్తరణ ఏళ్లపాటు నిలిచిపోయింది. చెట్లు కాపాడుకోవాలని కోరడం సరైనదే. కానీ ఆ ఏళ్లన్నీ వేగ నియంత్రణ, టిప్పర్ల బరువు తనిఖీ ఎందుకు ఆగాలి? విస్తరణ జరిగేదాకా చేయగలిగిన పనులు అవే.

వానాకాలంలో ఏ కారణాలు తోడవుతాయి?

మొదటి వానకు రోడ్డుపై పేరుకున్న నూనె, దుమ్ము కలిసి జారుడు పొర ఏర్పడుతుంది. తడి రోడ్డుపై 60లో వెళ్లే కారు ఆగడానికి 45 మీటర్లకు బదులు దాదాపు 60 మీటర్లు కావాలి. నీళ్లు నిలిచిన చోట గుంత లోతు, మ్యాన్‌హోల్ మూత ఉందో లేదో తెలియదు. గుంత తప్పించబోయి పక్కకు తిప్పిన బైకును వెనక బండి గుద్దడం మరో తీరు. వాన పడుతుంటే ఫ్లైఓవర్ కింద ఆగడం అలవాటుగా మారింది. అక్కడ సగం రోడ్డు ఆగిన బైకులతో నిండి, వేగంగా వచ్చేవారికి హఠాత్తుగా అడ్డు వస్తుంది. ఎంత తడిసినా రోడ్డు దిగి ఆగండి.

మద్యం తాగి నడపడం ఎంతవరకు కారణం?

చట్టం ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే నేరం. కొద్దిగా తాగినా ముందు దెబ్బతినేది దూరాన్ని అంచనా వేసే శక్తి, తర్వాత భయం పోతుంది. వారాంతం రాత్రుల తనిఖీలు, పట్టుబడినవారికి గోషామహల్, బేగంపేట శిక్షణ కేంద్రాల్లో కౌన్సెలింగ్, కోర్టు శిక్షలు పనిచేస్తున్నాయి. తనిఖీ ఎప్పుడు ఎక్కడ ఉంటుందో ముందే తెలియకుండా ఉన్నప్పుడే వాటి ఫలితం. తనిఖీ పాయింట్లను వాట్సాప్‌లో పంచుకునే మిత్రులు ఎవరికి మేలు చేస్తున్నామో ఆలోచించాలి.

దగ్గరి దూరానికి కూడా హెల్మెట్ అవసరమా? వెనక కూర్చున్నవారికో?

ఇద్దరికీ అవసరం, ప్రతిసారీ. 2022లో దేశంలో హెల్మెట్ లేకుండా చనిపోయినవారు 50,029 మంది, వారిలో 14,337 మంది వెనక కూర్చున్నవారు. మంచి హెల్మెట్ తలకు గాయమయ్యే ముప్పును సుమారు 70 శాతం, మరణం ముప్పును సుమారు 40 శాతం తగ్గిస్తుంది. పట్టీ బిగించకపోతే పడేటప్పుడు అది తల కన్నా ముందు పోతుంది. ఐఎస్ఐ ముద్ర లేని టోపీ లాంటివి చలానా నుంచే కాపాడతాయి. నాలుగేళ్లు దాటిన పిల్లలకూ హెల్మెట్ తప్పనిసరి. అంతకన్నా చిన్నవారిని కూర్చోబెడితే వారికీ హెల్మెట్, నడిపేవారికి కట్టి ఉంచే పట్టీ ఉండాలనీ, వేగం 40 దాటకూడదనీ 2023 ఫిబ్రవరి నుంచి నిబంధన ఉంది.

పదహారేళ్ల పిల్లవాడికి బండి ఇస్తే ఏమవుతుంది?

మైనరు ప్రమాదం చేస్తే తల్లిదండ్రులకు లేదా బండి యజమానికి మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా, ఏడాది పాటు రిజిస్ట్రేషన్ రద్దు. చట్టం సంగతి అలా ఉంచి, ట్యూషన్‌కు ఆలస్యమవుతోందని తాళం ఇచ్చే ముందు పైన వేగం గురించి రాసిన సమాధానం మళ్లీ చదవండి.

చలానాల వల్ల ఉపయోగం ఉందా?

ఉంది, తప్పు చేస్తే పట్టుబడతామని నమ్మకం కుదిరితే. జరిమానా ఎంత పెద్దదన్న దానికన్నా తప్పకుండా, త్వరగా పడుతుందా అన్నదే మనిషి నడవడిని మారుస్తుంది. ఆ కోణంలో చూస్తే బకాయి చలానాలపై రాయితీలు నష్టమే చేశాయి. ద్విచక్ర వాహనాలకు 2022లో 75 శాతం, 2023 చివర్లో మొదలైన విడతలో 80 శాతం తగ్గించారు. వసూళ్లు పెరిగి ఉండవచ్చు, కానీ కట్టకుండా ఆగితే మళ్లీ రాయితీ వస్తుందన్న ఆలోచన అందరిలో నాటుకుంది. కెమెరాలు హెల్మెట్ లేనివారిని ఫొటో తీసినంత శ్రద్ధగా వేగాన్ని, సిగ్నల్ దాటడాన్ని పట్టుకోవాలి.

బస్సు, మెట్రో పెరిగితే ప్రమాదాలు తగ్గుతాయా?

తగ్గుతాయి. బైకు మీద వెళ్లే మనిషి బస్సెక్కితే అతని ముప్పు ఎన్నో రెట్లు తగ్గుతుంది. 69 కిలోమీటర్ల మెట్రో మార్గం, 2023 డిసెంబరు 9 నుంచి మహిళలకు ఆర్టీసీ ఉచిత ప్రయాణం ఈ కోణంలో భద్రతా చర్యలే. అయితే స్టాపులో ఆటోలు ఆగి ఉండి బస్సు రోడ్డు మధ్యలో ఆగితే, దిగినవారు పక్క వరుసలో వచ్చే బండ్ల ముందు దిగుతారు. స్టాపును ఖాళీగా ఉంచడం ఖర్చు లేని పని.

ప్రమాదం చూసి ఆగితే పోలీసు కేసుల్లో ఇరుక్కుంటామా?

ఇరుక్కోరు. 2016లో సుప్రీంకోర్టు ఇచ్చిన రక్షణలను 2019 సవరణలో 134ఏ సెక్షన్‌గా మోటారు వాహనాల చట్టంలో చేర్చారు. సాయం చేసినవారు పేరు చెప్పనక్కర్లేదు, సాక్షిగా ఉండాలని బలవంతం చేయరాదు, ఆస్పత్రి సిబ్బంది వారిని డబ్బు అడగరాదు. 108కు ఫోన్ చేయండి. ఊపిరి ఆడుతోందో చూడండి, రక్తం కారే చోట బట్టతో గట్టిగా నొక్కి పట్టండి, మెడ కదపవద్దు, నీళ్లు తాగించవద్దు.

చికిత్స ఖర్చు ఎవరు భరిస్తారు? గుద్ది పారిపోతే?

2025 మే నుంచి అమల్లో ఉన్న కేంద్ర పథకం కింద, గుర్తింపు పొందిన ఆస్పత్రుల్లో ప్రమాదం జరిగిన రోజు నుంచి ఏడు రోజుల దాకా 1.5 లక్షల రూపాయల వరకు నగదు రహిత చికిత్స పొందవచ్చు. గుద్దిన బండి దొరకకపోతే మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50,000 రూపాయల పరిహారం ఉంది. చాలా కుటుంబాలకు ఈ సంగతి తెలియక దరఖాస్తే చేయరు. మీకు తెలిసినవారు ఉంటే చెప్పండి.

మా కాలనీ మలుపులో తరచూ ప్రమాదాలు జరుగుతున్నాయి. ఏం చేయగలం?

జాతీయ రహదారిపై సుమారు 500 మీటర్ల పరిధిలో మూడేళ్లలో తీవ్రమైన ప్రమాదాలు 5 లేదా మరణాలు 10 నమోదైతే అధికారుల లెక్కలో అది బ్లాక్ స్పాట్, అంటే ప్రమాదకర స్థలం. అంతమంది పోయేదాకా మీరు ఆగనక్కర్లేదు. ప్రమాదం జరిగిన ప్రతిసారీ తేదీ, సమయం, ఏ వైపు నుంచి ఏ బండి వచ్చింది, దీపం వెలుగుతోందా, రోడ్డు తడిగా ఉందా అన్నవి రాసి ఉంచండి. పగలు ఒకటి, రాత్రి ఒకటి ఫొటోలు తీయండి. ‘చర్య తీసుకోండి’ అని రాయకుండా ఏం కావాలో రాయండి: జీబ్రా క్రాసింగ్, దీపం, అడ్డుగా ఉన్న హోర్డింగ్ తొలగింపు, వేగ నిరోధకం. సొంతంగా మట్టి, సిమెంటుతో స్పీడ్ బ్రేకర్ వేయవద్దు. ప్రమాణం ప్రకారం దాని వెడల్పు 3.7 మీటర్లు, ఎత్తు 10 సెంటీమీటర్లు ఉండాలి. ఇరుకుగా, ఎత్తుగా, రంగు వేయకుండా కట్టినవి రాత్రిపూట బైకులను పడేస్తాయి.

ఆ వినతిని ట్రాఫిక్ పోలీసులకూ, రోడ్డు ఎవరిదైతే వారికీ, అంటే మున్సిపల్ కార్పొరేషన్‌కో, రోడ్లు భవనాల శాఖకో, జాతీయ రహదారుల సంస్థకో ఇచ్చి అందినట్టు ముద్ర తీసుకోండి. రోడ్డు రూపకల్పన, నిర్మాణం, నిర్వహణ ప్రమాణాల ప్రకారం లేక ఎవరైనా చనిపోతే లేదా వికలాంగులైతే బాధ్యులకు లక్ష రూపాయల దాకా జరిమానా వేయవచ్చని మోటారు వాహనాల చట్టం 198ఏ సెక్షన్ చెబుతోంది. ముప్పు ఉందని ముందే తెలియజేసినట్టు చూపడానికి తేదీ, ముద్ర ఉన్న మీ కాగితమే ఆధారం.